బల్లకు అటువైపు

పోయిన వారం మిమ్మల్ని హెడ్‌మేడమ్ గది గుమ్మం దగ్గర నిలబెట్టి వెళ్లిపోయాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నాకేం. ఆ గుమ్మం దగ్గర మమ్మల్ని ముప్పావుగంట నిలబెట్టినప్పుడు నేనూ లోపల్లోపల బోలెడు తిట్టుకున్నాను.

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నేను టైలర్ని. ఈ బడి యూనిఫారాలు పద్దెనిమిదేళ్లుగా నా మిషన్ మీదే తయారవుతున్నాయి. నా మనవరాలికి, అంటే నా కూతురి కూతురికి, ఆరేళ్లు. పుట్టుకతోనే చెవుడు. రెండేళ్లప్పుడు చెవి మిషన్లు పెట్టించాం. వాటితో తలుపు దభాలున వేస్తే తల తిప్పుతుంది, కుక్క మొరిగితే కిటికీ దగ్గరికి పరిగెడుతుంది, మనిషి మాట మాత్రం ముక్కలు ముక్కలుగానే అందుతుంది. పాకే వయసులో నా మిషన్ కింద ఏ గుండీ రాలినా ముందు దాని గుప్పిట్లోనే దొరికేది కాబట్టి అందరం దాన్ని గుండీ అనే పిలుస్తాం. దానికి మాట నేర్పింది మా కొట్లో చొక్కా గుండీలకు కాజాలు కుట్టే ఆవిడ. ఆవిడకీ చెవులు వినపడవు. చేతులతో మాట్లాడుతుంది. చదువు కూడా పెద్దయ్యాకే, తనలాంటి స్నేహితురాళ్ల దగ్గర నేర్చుకుంది. కాజాల పిన్ని అంటాం.

గుండీని ఈ బడిలో ఒకటో తరగతిలో చేర్చుకుంటారా, లేక ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే హాస్టల్ బడికి పంపమంటారా అన్నది ఆ ఉదయం ఆ గదిలో తేలాలి. అక్కడ నెలకోసారి చూడనిస్తారట. ఆరేళ్ల పిల్లని నెలకోసారి చూడటమేమిటి, నా మొహం. దాని యూనిఫారం గుడ్డ కత్తిరించి సంచిలో పెట్టుకునే వెళ్లాను. కుట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.

కాజాల పిన్ని కూడా మాతో వచ్చింది గానీ గేటు దాటలేదు. ఎప్పుడూ అంతే. యూనిఫారాల మూటలు గేటు దగ్గర దించేసి, రోడ్డుకు అవతలి అరుగు మీద కూర్చుంటుంది. ఎంత లాగినా లోపలికి అడుగు పెట్టదు. ఇదేం బెట్టు తల్లీ అని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

ఇక పదండి లోపలికి.

హెడ్‌మేడమ్ గదిలో ఒక పెద్ద బల్ల, ఇనప బీరువా, గోడకు అక్షరాల పటం, కిటికీలో మట్టికుండీ, అందులో నీళ్ల మొహం చూసి ఎన్నాళ్లయిందో తెలియని మొక్క ఉన్నాయి. బల్ల మీద మూత పెట్టిన గ్లాసులో మంచినీళ్లు. ఆవిడ సన్నగా, నిటారుగా ఉంటుంది. యూనిఫారంలో ఒక్క కుట్టు ఊడినా నన్ను పిలిపించే మనిషే గానీ, ఎప్పుడూ అమర్యాదగా మాట్లాడలేదు.

"రండి టైలరమ్మగారూ, కూర్చోండి. ఇదేనా మీ మనవరాలు?"

గుండీ నా వైపు తిరిగి, చెయ్యి భుజం మీదుగా వెనక్కి వేసి, తన వీపు మీద రెండుసార్లు తట్టుకుంది. 'ఈవిడేనా టీచర్?' అని అడుగుతోంది. కాజాల పిన్ని నేర్పిన సైగల్లో కొన్ని చెవుడు ఉన్నవాళ్లందరూ వాడేవి, కొన్ని ఆవిడ సొంతం. టీచర్ అనడానికి వీపు తట్టుకోవడం సొంతంలో ఒకటి. ఎందుకలాగో నేనెప్పుడూ అడగలేదు. అవునని తలూపాను.

హెడ్‌మేడమ్ చెయ్యి ఫైలు మీద ఆగిపోయింది. గుండీ వైపు ఒక్క క్షణం వింతగా చూసి, మళ్లీ ఫైలు తెరిచింది. నాకు అప్పుడేమీ తట్టలేదు.

"మేడమ్, ఒక్క మాట," అన్నాను. "మీరు కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. మీ మొహం మీద నీడ పడుతోంది. దానికి పెదాలూ కళ్లూ కనిపించాలి. కాస్త ఇటు జరుగుతారా?"

"అమ్మా," అని నా కూతురు నా మోచెయ్యి గిల్లింది. దానికి ఎక్కడికెళ్లినా నావల్ల తలవంపులే.

హెడ్‌మేడమ్ మారు మాట్లాడకుండా కుర్చీ జరుపుకుని వెలుతుర్లోకి వచ్చింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

పరీక్ష మొదలైంది. నాలుగు బొమ్మలు పరిచింది, చెట్టు, పడవ, గొడుగు, తాళం. పక్కనే ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'పడవ' అని ఉంది. నేను మనసులో నవ్వుకున్నాను. పడవ ఏమిటి, మా గుండీ పిల్లి కథలూ నక్క కథలూ గడగడా చదివేస్తుంది. నేను వేలు పెట్టిన ప్రతి వాక్యానికీ చేతులతో అర్థం చెప్పేస్తుంది. మూడేళ్లుగా ప్రతి సాయంత్రం మా ఇద్దరికీ అదే పని.

గుండీ అట్టముక్కని చేతిలోకి తీసుకుని తలకిందులుగా తిప్పింది.

"అలా కాదమ్మా," అని హెడ్‌మేడమ్ మెల్లిగా మళ్లీ సరిగ్గా పెట్టింది. గుండీ మళ్లీ తిప్పింది. మేడమ్ ఈసారి సరిగ్గా పెట్టి, కదలకుండా వేలు నొక్కిపట్టింది. గుండీ ఆ వేలు వంకా, అట్ట వంకా, నా వంకా చూసింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. చాలాసేపు చూసి చూసి, గొడుగు బొమ్మ మీద చెయ్యి పెట్టింది.



ఇంకో అట్ట. మళ్లీ తిప్పబోవడం, మళ్లీ వేలితో నొక్కిపట్టడం, మళ్లీ తప్పు. నేను ఇంటి నుంచి తెచ్చిన రోజు పుస్తకం ముందుకు తోశాను. ఆ రోజు ఏం జరిగిందో గుండీ బొమ్మ వేస్తుంది, దాని పక్కన నేను ఒక వాక్యం రాస్తాను. సూది విరిగిన రోజు, గాలికి గొడుగు ఎగిరిపోయిన రోజు, పిల్లి దారపుండ లాక్కెళ్లిన రోజు. ముందు జరిగిన సంగతి, తర్వాత చేతి మాట, ఆ తర్వాత అక్షరం. కాజాల పిన్ని పెట్టిన పద్ధతి అది. ఈ పుస్తకం చూస్తే మేడమ్ కళ్లు తెరుచుకుంటాయనుకున్నాను.

ఆవిడ నాలుగు పేజీలు తిప్పింది. "ఇదేంటండీ, రాత ఒకవైపు ఉంటే బొమ్మలన్నీ తలకిందులుగా ఉన్నాయి?"

"చిన్నపిల్ల కదండీ," అన్నాను. నిజానికి నేను దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు.

చివరికి గోడ మీద పటం చూపించింది. పటాన్ని తిప్పడం కుదరదు కదా. మా గుండీ ఏం చేసిందనుకున్నారు? కుర్చీ దిగింది. పటానికి వీపు పెట్టి నిలబడింది. నడుం వంచి, జుట్టు నేలకు తగిలేలా వంగి, తన కాళ్ల మధ్యలోంచి పటం వైపు చూసింది.

నా కూతురు చటుక్కున లేచి దాన్ని రెక్క పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. తల్లి మొహం ఎర్రగా అయిపోయింది. "చెప్పానా అమ్మా," అని నా చెవి దగ్గర గొణిగింది. "అది అక్షరాలు చదవట్లేదు, నీ మొహం చదువుతోంది. నీ మురిపెం కోసం అది చేతులు ఊపుతుంటే నువ్వు చదువు అనుకున్నావు."

నా కూతురు చెడ్డది కాదు. రోజంతా ఫోన్లో ముక్కూ మొహం తెలియని వాళ్లతో మాట్లాడే ఉద్యోగం దానిది. అంత మాట్లాడేది, ఇంటికొస్తే కన్నకూతురితో పది సైగలు దాటి మాట్లాడలేదు. సైగలు నేర్పితే ఇక మాట రాదని మొదట్లో ఎవరో డాక్టరు భయపెట్టాడు. ఆ భయం దానికి ఇప్పటికీ పోలేదు. నన్ను అన్న ఆ మాట మామూలు రోజైతే ఒక చెవితో విని వదిలేసేదాన్ని. ఆ వేళ మాత్రం నాకూ అనుమానం వచ్చింది. మూడేళ్లు. మూడేళ్ల సాయంత్రాలు నేను నన్నే చదివించుకున్నానా?

హెడ్‌మేడమ్ కలం తీసి, తన ముందున్న కాగితం మీద రాసుకోసాగింది. నేను సంచిలో ఉన్న ఆ కత్తిరించిన గుడ్డని చేత్తో తడుముతూ కూర్చున్నాను.

అప్పుడు గుండీ నా చెయ్యి గుంజింది.

'బడి. నేను. వద్దంటోంది. ఎందుకు?'

ఊరుకోవే అన్నట్టు దాని చేతులు పట్టుకున్నాను. అది విడిపించుకుంది. మొహం నిండా కోపం.

'నాకు పుస్తకం పట్టుకోవడం తెలుసు. ఆవిడకే తెలియదు. ఆవిడే తిప్పేస్తోంది.' తర్వాత వేలు చాపి, బల్లకు అటువైపు మేడమ్ రాస్తున్న కాగితం చూపించింది. అందులో ఒక మాట మీదికి వేలు ఆనించినంత దగ్గరగా తీసుకెళ్లి నన్ను అడిగింది. 'ఈ మాట ఏంటి? ఇది నాకు రాదు.'

"ఏమంటోంది?" అని మేడమ్ తలెత్తింది.

ఆ కాగితం వైపు వంగి చూశాను. మేడమ్ ఇంకా మాతో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. కాగితం ఆవిడ వైపు ఉంది. నా కళ్లద్దాలు సంచిలో ఉన్నాయి, అవి ఉన్నా అక్షరాలు నాకు తిరగబడి ఉన్నాయి.

"మేడమ్," అన్నాను. "మీరు దాన్ని చేర్చుకోవద్దని రాశారా?"

ఆవిడ కలం ఆపింది.

"దానికి పుస్తకం పట్టుకోవడం రాదని రాశారా?"

"మీరు చదివారా?"

"నేను చదవలేదు. అది చదివింది. ఈ మాట ఏంటని అడుగుతోంది, ఇదిగో, ఇక్కడ."

మేడమ్ గుండీ వేలి కిందికి చూసింది. "హాస్టల్," అంది నెమ్మదిగా.

అప్పుడు వెలిగింది నాకు. ఒక్కసారిగా కాదు, ముందు రోజు పుస్తకంలో బొమ్మలు, తర్వాత కాళ్ల మధ్యలోంచి చూడటం, తర్వాత మా కొట్లో కత్తిరింపు బల్ల. నాలుక కరుచుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నండీ నేను.

మొదట్లో నేను గుండీని ఒళ్లో కూర్చోబెట్టుకుని కథలు చదివేదాన్ని, లోకంలో అందరు అమ్మమ్మల్లాగే. కాజాల పిన్ని అది చూసి నెత్తి కొట్టుకుంది. ఒళ్లో ఉన్న పిల్లకి నీ మొహం ఎక్కడ కనిపిస్తుంది, నీ చేతులు ఎక్కడ కనిపిస్తాయి, ఎవరికి చెప్తున్నావు నువ్వు, అని చీవాట్లు పెట్టింది. ఆ రోజు నుంచి గుండీని బల్లకు అటువైపు ఎత్తు పీట మీద కూర్చోబెట్టాను. నేను ఇటువైపు. పిన్ని కూర్చున్నా నా పక్కనే, ఇటువైపే. దాని చూపు మా మొహాల మీద, మా చేతుల మీద ఉండాలి కదా. నా కళ్లు అంతంతమాత్రం, పుస్తకం నా వైపు తిరిగి ఉంటే తప్ప నాకు చదవడం కుదరదు. మూడేళ్లుగా పుస్తకం నా వైపే ఉంది. పిల్ల అటువైపే ఉంది. అది నేర్చుకున్న ప్రతి అక్షరమూ తలకిందులుగానే నేర్చుకుంది. రోడ్డు మీద బోర్డులు చూసి ఏమీ అడగకపోతే ఎత్తుగా ఉన్నాయిలే అనుకున్నాను. ఒక్కతే కూర్చుని పుస్తకం తిరగేసి పట్టుకుంటే ఆటలనుకున్నాను.

ఇదంతా గబగబా, ముందుదీ వెనకదీ కలిపేసి మేడమ్‌కి చెప్పేశాను. ఆవిడ నమ్మనూ లేదు, కొట్టిపారెయ్యనూ లేదు.

"మీరిద్దరూ లేచి, ఆ బీరువా వైపు తిరిగి నిలబడండి," అంది. "నేను చెప్పేదాకా వెనక్కి చూడొద్దు."

బడి పిల్లల్లా లేచి, బీరువా వైపు మొహం పెట్టి నిలబడ్డాం, అరవై మూడేళ్ల నేనూ, ముప్పై ఏళ్ల నా కూతురూ. వెనక కాగితం చిరిగిన చప్పుడు. కలం చప్పుడు, చాలా కొద్దిసేపు. తర్వాత ఏమీ లేదు. నా కూతురి ఊపిరి వినిపిస్తోంది నాకు. ఈలోగా దాని చెయ్యి నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు.

కుర్చీ కిర్రుమంది. చిన్న అడుగులు. ఉక్కు మూత బల్ల మీద పెట్టిన చప్పుడు. మళ్లీ అడుగులు, ఈసారి నెమ్మదిగా, ఏదో ఒలికిపోకుండా నడిచినట్టు. ఆ తర్వాత నీళ్లు. ఎండిన మట్టిలోకి నీళ్లు దిగుతున్న చప్పుడు.

"తిరగండి," అంది హెడ్‌మేడమ్.

గుండీ కిటికీ దగ్గర రెండు చేతులతో ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. కుండీ అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. బల్ల మీద కాగితం మేడమ్ వైపు తిరిగి ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. 'కిటికీలో మొక్కకు నీళ్లు పొయ్యి' అని ఉంది.

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, అరవాలనిపించింది. హెడ్‌మేడమ్ గదిలో అరిస్తే బావుండదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఏ మొహం చూసి చదివిందో ఇప్పుడు చెప్పమనండి ఎవరినైనా. ఆ గదిలో దానికి తెలిసిన మొహాలు రెండూ బీరువా వైపు ఉన్నాయి.

మేడమ్ కలం తిప్పి నా కూతురి వైపు చాపింది. "ఈసారి మీరు రాయండి."

"నేనా?"

"మీ కూతురే కదా. మీరు అడగాలనుకున్నది ఏదైనా అడగండి."

నా కూతురు బల్లకు అటువైపు, మేడమ్ పక్కకి వెళ్లి, కాగితం ముందు చాలాసేపు కూర్చుంది. ఎన్ని వేలమందితో మాట్లాడి ఉంటుందో, సొంత కూతురికి మాత్రం రెండుసార్లు రాసి కొట్టేసింది. చివరికి ఒక్క వాక్యం రాసింది. 'రోజూ పొద్దున్న నా చెప్పులు ఎందుకు దాస్తావు?'

ఈ చెప్పుల గొడవ మా ఇంట్లో రోజూ ఉండేదే. డ్యూటీకి వేళవుతుంటే చెప్పులు కనిపించవు. బియ్యం డబ్బా వెనకా, మిషన్ పెట్టెలో, ఒకసారి నా దిండు గలీబులో. దానికి మంచీ చెడూ తెలియదని నా కూతురు ఏడ్చినంత పని చేసేది.

గుండీ ఇటువైపు తన కుర్చీ ఎక్కి, కాగితం తిప్పకుండానే చదివింది. తల్లి అటువైపు కూర్చుని రాసింది కదా. చదివి, తల్లిని చూసింది. తర్వాత చేతులు కదిలాయి, తీరిగ్గా, దానికి ఇది పెద్ద విషయమేం కానట్టు.

"ఏమంటోంది? అమ్మా, ఏమంటోంది?"

దాని చేతులు ఆగేదాకా చూసి చెప్పాను. "చెప్పులు ఎక్కడ పెట్టానని అడిగేటప్పుడు నువ్వు మోకాళ్ల మీద కూర్చుని, దాని మొహంలోకి చూస్తావట. మిగతా రోజంతా చూడవట. అందుకని దాస్తోందట."

నా కూతురు లేచి, బల్లకు ఇటువైపు వచ్చి, పిల్ల ముందు నేల మీద కూర్చుంది. దాని మొహం పిల్ల మొహానికి ఎదురుగా వచ్చింది. తనకు వచ్చిన పది సైగల్లో ఏది వెతుక్కుందో ఏమో, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి పిల్ల గుండె మీద పెట్టింది. గుండీ ఆ చెయ్యి సరిచేసింది. అలా కాదు, వేళ్లు ఇలా మడవాలి, అని చూపించింది. మా ఇంట్లో తల్లికి కూతురు చెప్పిన మొదటి పాఠం అది. డాక్టరు పెట్టిన భయం ఆ నేల మీదే వదిలేసింది నా కూతురు.

హెడ్‌మేడమ్ ఇందాక రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది.

"తలకిందులుగా చదివే పిల్లకి తిన్నగా చదవడం నేర్పడం నెల రోజుల పని," అంది. "పక్కపక్కన కూర్చుని, ఎదురుగా ఒక అద్దం పెట్టుకుంటే మీ మొహమూ కనిపిస్తుంది, పుస్తకమూ తిన్నగా ఉంటుంది. అది నేను చూసుకుంటాను. చదవడమే రాని పిల్లకయితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. అందుకే వద్దని రాశాను టైలరమ్మగారూ. నన్ను రాక్షసి అనుకోకండి."

"అనుకున్నాను," అన్నాను. అబద్ధం ఎందుకు.

ఆవిడ నవ్వింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ముప్పై ఏళ్ల కిందట నేను ఈ బడికి కొత్తగా టీచరుగా వచ్చినప్పుడు నా క్లాసులో ఇలాంటి పిల్లే ఉండేది. చెవులు వినపడవు. నాలుగు తరగతులకీ నేనే చెప్పేదాన్ని, నాలుగేళ్లు వెనక బెంచీలో కూర్చుంది. ఏం అడిగినా నవ్వేది. అల్లరి లేదు, గొడవ లేదు. మంచి పిల్ల అనుకుని పై తరగతికి పంపుతూ వచ్చాను. అయిదో ఏడు మానేసింది. అప్పుడు చూసుకున్నాను, నాలుగేళ్లలో దానికి తన పేరు రాయడం కూడా రాలేదు. ఇంకో పిల్లని నా చేతులతో ఆ బెంచీలో కూర్చోబెట్టలేను."

గుండీ బల్ల ఎక్కినంత పని చేసి, మేడమ్ వైపు చూస్తూ, చెయ్యి వెనక్కి వేసి వీపు మీద రెండుసార్లు తట్టుకుంది. 'టీచర్, ఇంకోటి రాయి' అని.

హెడ్‌మేడమ్ కుర్చీలోంచి లేచింది.

"అలా అంటే ఏంటి?" అంది. "వచ్చినప్పుడు కూడా చేసింది. అలా వీపు తట్టుకుంటే ఏమిటి అర్థం?"

"టీచర్ అని," అన్నాను.

"అందరూ అలాగే అంటారా?"

"లేదండీ. అది మా కొట్లో ఆవిడ సొంత సైగ. చిన్నప్పటి నుంచీ అలవాటట."

ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "ఆ పిల్ల కూడా చేసేది. నేను బోర్డు మీద రాయడం ఆపి ఇటు తిరగ్గానే, నవ్వుతూ, అచ్చం ఇలాగే. వీపు దురద పెడుతోందేమో అనుకునేదాన్ని. నేను బోర్డు వైపు తిరిగే పాఠం చెప్పేదాన్ని టైలరమ్మగారూ. రాస్తూ చెప్పేదాన్ని. నాలుగేళ్లూ ఆ పిల్లకి కనిపించింది నా వీపే. ఆవిడ వయసెంత, మీ కొట్లో ఆవిడకి?"

"ముప్పై అయిదు, ముప్పై ఆరు ఉంటుంది."

"ఎక్కడుంది?"

నేను చెప్పక్కర్లేకపోయింది. గుండీ కిటికీలోంచి అప్పటికే చెయ్యి ఊపుతోంది. గేటుకు అవతల, అరుగు మీద కూర్చుని, ఒళ్లో చొక్కా పెట్టుకుని కాజా కుడుతోంది కాజాల పిన్ని. ఏనాడూ ఈ గేటు ఎందుకు దాటలేదో ఆ క్షణాన తెలిసింది నాకు. బెట్టు అని విసుక్కున్న నా నోరు పడిపోనూ.

"పాపని చేర్చుకుంటాను," అంది మేడమ్, కిటికీలోంచి కళ్లు తిప్పకుండా. "పేరు ఇవాళే రాస్తాను. కానీ క్లాసులో పక్కన చేతులతో చెప్పే మనిషి ఉండాలి. లేకపోతే మళ్లీ అదే బెంచీ. నాకు రాదు, నా టీచర్లెవరికీ రాదు. ఆవిడ రావాలి. నేను వెళ్లి అడుగుతాను."

ఆవిడ నడుస్తుంటే నేను పరుగులాంటి నడకతో వెంట పడ్డాను. వరండా దాటాం, ఆటస్థలం దాటాం. నా కూతురు గుండీ చెయ్యి పట్టుకుని వెనకాల వస్తోంది. నా సంచిలో గుడ్డ ఉంది. ఈ రాత్రికే కుట్టేస్తాను, రేపు పొద్దున్నకల్లా తొడిగేస్తాను అనుకుంటున్నాను. ఇంత సంతోషం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి కాజాల పిన్ని తల ఎత్తింది. ముందు గుండీని చూసి నవ్వింది. తర్వాత నన్ను చూసింది. ఆ తర్వాత హెడ్‌మేడమ్‌ని.

సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. లేచి నిలబడింది. మేడమ్ మొహంలోకి చాలాసేపు, ఇరవై ఆరేళ్లు దాచుకున్నంతసేపు, చూసింది. అప్పుడు, తొందరేమీ లేకుండా, మాకు వీపు పెట్టి నిలబడింది.

మేడమ్ గేటు ఊచలు పట్టుకుని నోరు తెరిచింది. పిలవబోయి ఆగిపోయింది. వెనక నుంచి ఎంత అరిచినా ఆ మనిషికి వినపడదు. ఒక్క మాట చెప్పాలన్నా గేటు తీసుకుని, రోడ్డు దాటి, చుట్టూ తిరిగి అటువైపు వెళ్లి, మొహం చూపించాలి.

గుండీ తల్లి చెయ్యి వదిలించుకుని వచ్చి, హెడ్‌మేడమ్ చిటికెన వేలు పట్టుకుంది.

ఆవిడ గేటు గడియ తీసింది.